సందేహాలు - సమాధానాలు: పాట ఉంది, పేరు పోయింది

డిస్కులో ఉన్నదంతా ఒకే ఫైలులోకి ఎత్తి పెట్టుకునే పద్ధతి, అదే డిస్క్ ఇమేజ్ గురించి పోయిన నెల నాలుగు ముక్కలు రాశాను. దాని మీద వచ్చిన ఉత్తరాలన్నీ తిరిగి తిరిగి ఒక్క చోటికే చేరాయి. ఇమేజ్ బాగానే వచ్చిందట, తెలుగు పేర్లే ఏమయ్యాయో తెలియడం లేదట. అందుకని ఈసారి మిగతా సందేహాలు పక్కన పెట్టాను.

ప్రశ్న: మా అమ్మగారు పాడిన మంగళహారతులు, పెళ్లిపాటలు ఫోన్‌లో రికార్డు చేసి ఒక్కోదానికీ తెలుగులో పేరు పెట్టాను. అన్నీ కలిపి ఐఎస్‌ఓ ఫైలు చేసి సీడీ కూడా రాయించాను. నా కంప్యూటర్‌లో పేర్లు చక్కగా కనిపిస్తున్నాయి. మా అబ్బాయి కారులో వేస్తే పేరున్న ప్రతిచోటా అడుగుగీతలే! సీడీ పాడైందా?
- విశ్రాంత ఉపాధ్యాయురాలు, శ్రీనగర్ కాలనీ

జవాబు: సీడీకేమీ కాలేదమ్మా. మీ కంప్యూటర్‌లో కనిపిస్తున్నాయంటే పేర్లు సీడీ మీద ఉన్నట్టే. కారు ప్లేయరు వేరే రిజిస్టరు చదువుతోంది, అంతే.

మనలో చాలామందికి ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకో పేరు, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొట్టి చేసిన మూడో పేరు ఉంటాయి. మనిషి మాత్రం ఒక్కరే. ఐఎస్‌ఓ ఇమేజ్‌లో ఫైలు సంగతీ ఇంతే. 1988లో వచ్చిన ఐఎస్‌ఓ 9660 అనే మూల ప్రమాణాన్ని కచ్చితంగా పాటిస్తే పేరుకు ఎనిమిది అక్షరాలు, చుక్క తర్వాత మూడు. అవి కూడా ఇంగ్లిష్ పెద్దబడి అక్షరాలు, అంకెలు, అడుగుగీత మాత్రమే. తెలుగుకు అందులో చోటే లేదు. అందుకని చాలా సాఫ్ట్‌వేర్లు తెలుగు కనబడ్డ చోటల్లా ఒక అడుగుగీత గీసి ముందుకు పోతాయి. 1995లో మైక్రోసాఫ్ట్ జోలియట్ పేరుతో పక్కనే రెండో రిజిస్టరు పెట్టింది. అందులో యూనికోడ్ పేర్లు, అంటే తెలుగు పేర్లు కూడా రాసుకోవచ్చు, 64 అక్షరాల దాకా. యూనిక్స్ వాళ్లు తమ కోసం రాక్ రిడ్జ్ అని ఇంకోటి పెట్టుకున్నారు. డీవీడీలు వచ్చాక యూడీఎఫ్ కూడా తోడైంది.

ఇమేజ్ చేసేటప్పుడు ఇందులో ఏవేవి రాయాలో మనం ఎంచుకోవచ్చు. చదివేటప్పుడు ఏది చూడాలన్నది మాత్రం చదివే యంత్రం ఇష్టం. విండోస్ జోలియట్ చూస్తుంది, రాక్ రిడ్జ్ జోలికి పోదు. లినక్స్ ముందు రాక్ రిడ్జ్ కోసం వెతుకుతుంది. కార్లలో ఉండే సాదా ప్లేయర్లు కొన్ని మొదటి రిజిస్టరుతోనే సరిపెట్టుకుంటాయి. మీ అబ్బాయి కారుది ఆ బాపతు.

చిన్న ఉపాయం చెబుతాను. ప్రతి పేరు ముందూ 01, 02 అని మామూలు అంకెలు పెట్టి, ఆ తర్వాతే తెలుగు పేరు రాయండి. తెలుగంతా అడుగుగీతలైపోయినా అంకెలు మిగులుతాయి, పాటల వరస చెదరదు.

ప్రశ్న: సుప్రభాతాలు, ప్రవచనాలు తేదీలతో సహా పెద్ద పెద్ద పేర్లు పెట్టి దాచుకుంటాను. ఇమేజ్ చేశాక చూస్తే కొన్ని పేర్లు చివర తెగిపోయాయి, రెండు ఫైళ్లు అసలు లేనే లేవు. 64 అక్షరాలు దాటే పేర్లు నా దగ్గర లేవే!
- ఎల్లారెడ్డిగూడ

జవాబు: ఉన్నాయి. మీరు లెక్కపెట్టే అక్షరం వేరు, కంప్యూటర్ లెక్కపెట్టేది వేరు. మనకు ‘శ్రీ’ ఒక్క అక్షరం. యూనికోడ్‌కు అది నాలుగు సంకేతాలు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. ‘శ్రీ వేంకటేశ్వర సుప్రభాతం’ అన్న పేరు నోటితో చదివితే పది అక్షరాలు, కంప్యూటర్‌కు ఖాళీలతో కలిపి 25 సంకేతాలు. అదే పేరును యూటీఎఫ్-8 అనే బైట్ల పద్ధతిలో రాస్తే ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్ల చొప్పున 71 బైట్లు. ఇంగ్లిష్ పేరుకైతే అక్షరానికి ఒక బైటుతో సరి.

ఇంతకీ ఈ లెక్కంతా దేనికంటే, హద్దును ఒక్కో చోట ఒక్కోలా కొలుస్తారు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో 255 సంకేతాలు. లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4లోనూ 255 అనే ఉంటుంది, కానీ అవి బైట్లు. తెలుగులో 85 సంకేతాల దగ్గరే ఆగిపోవాలి. యూడీఎఫ్‌లో తెలుగుకు 127. జోలియట్‌లో 64. కొన్ని సాఫ్ట్‌వేర్లు ప్రమాణాన్ని కాస్త మీరి 103 దాకా రాయనిస్తాయి. అంటే మీ విండోస్ మారు మాట్లాడకుండా ఒప్పుకున్న పేరు ఇమేజ్‌లోకి వెళ్లేసరికి తెగుతుంది. మొదటి 64 సంకేతాలూ ఒకటే అయి, తేడా అంతా చివరి తేదీలోనే ఉంటే రెండు పేర్లూ ఒకటైపోతాయి. మంచి సాఫ్ట్‌వేర్ అలాంటప్పుడు చివర ఒక అంకె తగిలిస్తుంది. మీ దగ్గరున్నది ఒకదాని మీద ఇంకోదాన్ని రాసేసినట్టుంది. తేదీని ముందుకు తెచ్చుకోండి. అసలు ఫైళ్లు తుడిచేయలేదు కదా?

ప్రశ్న: మేము సినిమా ఎడిటింగ్ ఆఫీసులో పనిచేస్తాం. పాత మ్యాక్‌లో తీసిన డిస్క్ ఇమేజ్‌లోంచి రషెస్ ఫోల్డర్లు విండోస్ సర్వర్‌లోకి కాపీ చేశాం. సర్వర్‌లో ఇప్పుడు ‘హైదరాబాద్’ అని రెండు ఫోల్డర్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకే చోట ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు ఎలా ఉంటాయి సార్? ‘విజయవాడ’కు ఆ గొడవే రాలేదు.
- శ్రీనగర్ కాలనీ

జవాబు: ఈ ఉత్తరం చదివి కాసేపు నవ్వుకున్నాను, క్షమించండి. విజయవాడలో లేనిదీ హైదరాబాద్‌లో ఉన్నదీ ఏమిటో మీరే ఆలోచించండి. ఐత్వం!

తెలుగు యూనికోడ్‌లో ‘ై’ గుర్తును రెండు రకాలుగా రాయవచ్చు. ఒకే సంకేతంగా రాయవచ్చు. లేదా పైనుండే ఎత్వం ‘ె’, కిందుండే ఐత్వపు కొక్కెం, రెండు సంకేతాలు కలిపి రాయవచ్చు. ప్రమాణం ప్రకారం రెండూ సమానమే, తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. తెలుగులో ఇలా విడగొట్టే వీలున్న గుర్తు ఇదొక్కటే. పాత మ్యాక్‌ల హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైల్ వ్యవస్థకు ఏ పేరునైనా ముందు విడగొట్టి రాసుకునే అలవాటుంది. విండోస్‌కు ఆ పట్టింపు లేదు. మీ కీబోర్డు ఏది పంపితే అదే రాసుకుంటుంది. కాబట్టి సర్వర్‌లో ముందునుంచీ ఉన్న హైదరాబాద్ తొమ్మిది సంకేతాలది, మ్యాక్ నుంచి వచ్చినది పదింటిది. విండోస్ దృష్టిలో ఇవి రెండు వేర్వేరు ఊళ్లు. మీకు మైత్రీవనం అనో, శ్రీశైలం షెడ్యూల్ అనో ఫోల్డర్లుంటే అవి కూడా ఒకసారి చూసుకోండి.

2017లో వచ్చిన ఏపీఎఫ్‌ఎస్ అనే ఫైల్ వ్యవస్థ నుంచి మ్యాక్ పద్ధతి మారింది. ఇచ్చిన పేరును ఇచ్చినట్టే ఉంచుతుంది, వెతికేటప్పుడు మాత్రం రెంటినీ ఒకటిగా చూస్తుంది. మీ దగ్గరున్న పాత ఇమేజ్‌లకు మాత్రం ఇది వర్తించదు. రెండు ఫోల్డర్లలో ఏదో ఒకటి తుడిచేద్దామని తొందరపడకండి. చెరి సగం ఫైళ్లు ఉండవచ్చు. ముందు లోపలి ఫైళ్ల పేర్లన్నిటినీ కలిపి రాసే రూపానికి మార్చండి. దాన్ని ఎన్‌ఎఫ్‌సీ అంటారు, ఆ పని చేసే చిన్న ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతాయి. ఫోల్డర్లను ఆ తర్వాత కలపండి.

ప్రశ్న: అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుంటున్నాను. ప్రాక్టికల్‌గా ఒక డిస్క్ ఇమేజ్ సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించమన్నారు. ఫైలు పేర్లలో ప్రత్యేక అక్షరాల గురించి టెస్ట్ కేసులు రాయాలి. నెట్‌లో దొరికేవన్నీ యూరప్ భాషల అక్షరాలు. తెలుగుకు ఏం రాయాలి?
- మైత్రీవనం దగ్గరి హాస్టల్ నుంచి

జవాబు: మంచి పని ఇచ్చారు మీకు. ముందుగా నా తెలివితక్కువతనం ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట ఇంట్లో పాత రికార్డింగులు దాచడానికి ఒక సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నాను. ‘అమ్మ’, ‘తెలుగు’, ‘పాట’ అని మూడు ఫైళ్లు చేసి ఇమేజ్‌లో వేసి తీసి చూశాను. మూడూ బాగున్నాయి. భేష్ అనుకుని మొత్తం సంచయం అందులోకి ఎక్కించాను. ఏడాది తర్వాత తెరిస్తే పెద్ద పేర్లు సగానికి తెగి ఉన్నాయి, ప్రశ్నార్థకం ఉన్న పేర్లు అసలు తెరుచుకోలేదు. తప్పు సాఫ్ట్‌వేర్‌దే, కాదనను. కానీ నేను పెట్టిన పరీక్ష ఎల్‌కేజీ పిల్లలది.

మీరు తెలుగుకు నిజంగా ఎక్కడ నొప్పి పుడుతుందో అక్కడ నొక్కండి. కలిపి ఒకటి, విడగొట్టి ఒకటి, రెండు ‘హైదరాబాద్’లు మొదటి జత. ఒకే ఫోల్డర్‌లో రెండూ పెట్టి ఇమేజ్ చేయండి. రెండూ బయటికి రావాలి, లేదా సాఫ్ట్‌వేర్ ముందే హెచ్చరించాలి. చప్పుడు లేకుండా ఒక్కటే వస్తే తప్పినట్టే.

తర్వాత కనిపించని అక్షరం. ‘అమీర్‌పేట’ అని మనం రాసినప్పుడు ర్ పక్కన పే విడిగా నిలబడాలంటే మధ్యలో ఒక సంకేతం ఉండాలి. దానికి తెర మీద రూపం లేదు, వెడల్పు లేదు, కానీ యూటీఎఫ్-8లో మూడు బైట్లు తింటుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఇదేదో చెత్త అనుకుని ఊడ్చేస్తాయి. అప్పుడు మీ ఊరు ‘అమీర్పేట’ అయిపోతుంది. కంటికి తెలిసే తేడా ఇది. పేరు చివర ఉంటే మాత్రం కంటికీ దొరకదు. ‘హైదరాబాద్’ తర్వాత ఈ సంకేతం పెట్టి ఒక ఫైలు, పెట్టకుండా ఒక ఫైలు చేసి చూడండి. ఇదే అక్షరానికి ఒక చరిత్ర కూడా ఉంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ను ఈ సంకేతం ఇరికించి రాసి పంపితే ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లు కూలిపోయాయి. ఐఓఎస్ 11.2.6తో యాపిల్ దాన్ని సరిదిద్దింది. జ, పొల్లు, ఞ, కనిపించని సంకేతం, దీర్ఘం. ఈ వరసతో ఒక ఫైలు పేరు మీ జాబితాలో ఉండి తీరాలి. పేరును దాచడం ఒక పని, బొమ్మగా గీసి చూపించడం ఇంకో పని. ఇది రెండోదానికి పరీక్ష.

సున్నాలు. ‘౧౦’ అని తెలుగు అంకెల్లో పది రాయండి. పక్కనే ‘౧ం’ అని ఒకటి పక్కన అనుస్వారం పెట్టి రాయండి. చూడ్డానికి దాదాపు ఒకటే, సంకేతాలు వేరు. అలాగే 2021లో యూనికోడ్ 14లో చేరిన నకారపొల్లుతో ఒక పేరు వేస్తే, సాఫ్ట్‌వేర్‌లోని అక్షరాల పట్టిక ఎంత పాతదో బయటపడుతుంది. పెద్దక్షరాలు, చిన్నక్షరాల తలనొప్పి తెలుగుకు లేదు కాబట్టి ఆ కేసులు రాసి కాగితం నింపకండి.

పొడవు విషయానికి వస్తే, హద్దుకు అటూ ఇటూ కొట్టండి: 64, 65, 85, 86, 103, 104, 127, 128. ప్రతి పేరు మధ్యలో ఒక ఇంగ్లిష్ ఖాళీ తప్పక ఉండాలి. ఎందుకంటారా? 255 సరిగ్గా మూడుతో భాగించబడుతుంది. అచ్చ తెలుగు పేరును 255 బైట్ల దగ్గర కోసినా కోత 85వ సంకేతం చివరనే పడుతుంది. ఒక్క ఖాళీ చేరితే కోత తెలుగు సంకేతం నడుమ పడి, రెండు బైట్ల మొండెం మిగులుతుంది. తప్పు కోత కోసే సాఫ్ట్‌వేర్ అప్పుడే దొరుకుతుంది.

ఇక భాషతో పని లేనివి. విండోస్ పేర్లలో ఒప్పుకోని గుర్తులు తొమ్మిది: ముందుకు వాలిన గీత, వెనక్కి వాలిన గీత, కోలన్, నక్షత్రం, ప్రశ్నార్థకం, డబుల్ కొటేషన్, రెండు కోణాల బ్రాకెట్లు, నిలువు గీత. లినక్స్‌లో ‘ఎవరు?’ అన్న ఫైలు చేసి, ఇమేజ్‌లో పెట్టి, విండోస్‌లో తెరవండి. పేరు చివర చుక్క కూడా చూడండి, ‘ముందుమాట...’ లాంటి పేర్లు మనవాళ్లకు అలవాటు, విండోస్ చివరి చుక్కల్ని తినేస్తుంది. ఖాళీతో మొదలయ్యే పేరు, అడ్డగీతతో మొదలయ్యే పేరు, ఆంపర్‌శాండ్ ఉన్న పేరు తలా ఒకటి వేయండి.

చాలామంది మరిచిపోయేది ఇంకోటుంది. ఇమేజ్ ఫైలుకే తెలుగు పేరు పెట్టి, దాన్ని తెలుగు పేరున్న ఫోల్డర్‌లో ఉంచి తెరవండి. విండోస్ యూజర్ పేరు కూడా తెలుగులో పెట్టి చూడండి. విండోస్‌లో యూనికోడ్ వాడని పాతకాలపు ప్రోగ్రాములకు ఒక్కో భాషకు ఒక్కో అక్షరాల పట్టిక ఉండేది. తెలుగుకు అలాంటిది ఎప్పుడూ లేదు, మన భాష నేరుగా యూనికోడ్‌తోనే విండోస్‌లోకి వచ్చింది. కాబట్టి అలాంటి ప్రోగ్రాముకు తెలుగు పేరు అందేసరికి వరసగా ప్రశ్నార్థకాలే. ప్రశ్నార్థకమేమో పేర్లలో నిషిద్ధం. చివరికి ‘ఫైలు కనబడలేదు’ అని చెప్పి ఊరుకుంటుంది.

ఫలితాన్ని కంటితో సరిచూడకండి. పైన చెప్పిన వాటిలో సగం కంటిని మోసం చేసేవే. ఇమేజ్ చేయకముందే ప్రతి పేరునూ సంకేతాల వరసగా, ప్రతి ఫైలునూ ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్‌గా ఒక పట్టికలో రాయించండి. ఇమేజ్‌లోంచి తీశాక మళ్లీ రాయించి రెండు పట్టికల్నీ ప్రోగ్రాముతో పోల్చండి. జాబితాలో పేరు కనిపిస్తే చాలదు, ఫైలు తెరుచుకోవాలి. పేరు చూపించి తెరవలేని ఘనులు ఉన్నారు. లినక్స్‌లో మౌంట్ చేసేటప్పుడు రాక్ రిడ్జ్‌ను ఒకసారి, జోలియట్‌ను ఒకసారి కావాలని ఆపేసి చూస్తే ఏ రిజిస్టరులో తప్పు పడిందో తేలిపోతుంది. నివేదికలో ‘తెలుగు పనిచేయలేదు’ అని రాయకండి. ఏ పేరు, ఎన్ని సంకేతాలు, ఏ రిజిస్టరు, ఏ యంత్రంలో చదివారు, ఈ నాలుగూ రాయండి. ఉద్యోగం ఇచ్చేవాళ్లు చూసేది అదే.

ప్రశ్న: పాత జిప్ ఫైలు విప్పితే పేర్లన్నీ పిచ్చి గీతలు. నెత్తిన వాలు గీత ఉన్న ఇంగ్లిష్ ‘ఎ’, దాని పక్కన జ్వరం కొలిచే డిగ్రీ గుర్తు, ఇవే పదే పదే వస్తున్నాయి. వైరసా?
- సారథి స్టూడియోస్ వెనక వీధి

జవాబు: వైరస్ కాదు, అది తెలుగే. తెలుగు సంకేతం యూటీఎఫ్-8లో మూడు బైట్లు అన్నాను కదా. అందులో మొదటి బైటు ఎప్పుడూ ఒకటే, రెండోది రెండింటిలో ఏదో ఒకటి. వాటిని పాత యూరప్ పట్టికతో చదివితే మొదటిది నెత్తిన గీత ఉన్న ‘ఎ’, రెండోది డిగ్రీ గుర్తు గానీ, ప్లస్ కింద మైనస్ ఉండే గుర్తు గానీ అవుతుంది. ఈ జంట కనబడితే సంతోషించండి, బైట్లన్నీ క్షేమంగా ఉన్నట్టు. విప్పే ప్రోగ్రాములో ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఎంచుకోండి. పేర్ల చోట ప్రశ్నార్థకాలు ఉంటే మాత్రం అసలు అక్షరాలు పోయినట్టే. జిప్ చేసినవారినే మళ్లీ అడగాలి.

ప్రశ్న: పంజాగుట్టలో పాతికేళ్లుగా డీటీపీ సెంటరు నడుపుతున్నాను. 2000 నాటి సీడీలు రెండు డబ్బాలున్నాయి. అన్నీ పాత తెలుగు ఫాంట్లలో చేసిన పెళ్లి కార్డులు, కవితా సంపుటాలు. పేర్లు కొన్ని ఇంగ్లిష్‌లోనూ లేవు, తెలుగులోనూ లేవు. హార్డ్ డిస్కులోకి ఎలా ఎత్తుకోవాలి?

జవాబు: ఒక్కో ఫైలూ కాపీ చేయకండి. ప్రతి సీడీకీ ముందు పూర్తి ఇమేజ్ తీయండి. సీడీలోని డేటాను 2048 బైట్ల సెక్టార్లుగా ఉన్నదున్నట్టు ఎత్తే ఇమేజ్ ఫైలు పేర్లను అసలు చదవదు. చదవదు కాబట్టి పాడు చేయలేదు. పేర్ల సంగతి తీరిగ్గా తర్వాత చూసుకోవచ్చు. సీడీ మాత్రం మీ తీరిక కోసం ఆగదు. పై పొర లేచిపోతున్నవాటితో మొదలుపెట్టండి.

ఆ వింత పేర్ల విషయం: యూనికోడ్‌కు ముందరి తెలుగు ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల గదుల్లో తెలుగు బొమ్మల్ని కూర్చోబెట్టాయి. ఫైలు పేరును చూపించేటప్పుడు కంప్యూటర్ ఆ ఫాంట్ వాడదు కాబట్టి గదుల నంబర్లే బయటపడతాయి. ఒక పేరు కాపీ చేసి ఏదైనా డాక్యుమెంట్‌లో పెట్టి, అప్పటి ఫాంట్ తగిలించి చూడండి. చాలావరకు తెలుగు లేచి కూర్చుంటుంది. ఇమేజ్‌లోని పేర్లను దిద్దకండి, కాపీ తీసుకున్నవాటికే కొత్త పేర్లు పెట్టండి.

ప్రశ్న: ఇంత గొడవెందుకు? పేర్లన్నీ ఇంగ్లిష్‌లో పెట్టేసుకుంటే పోదా?
- అమీర్‌పేట

జవాబు: ‘మంగళహారతి’ని ఇంగ్లిష్‌లో మీరొకలా రాస్తారు, మీ ఆవిడ ఇంకోలా, పదేళ్ల తర్వాత మీరే మూడోలా రాస్తారు. త పక్కన హెచ్ ఉందా లేదా గుర్తులేక వెతుకులాడతారు. తెలుగులో రాస్తే ఆ పేరుకు ఒక్కటే వర్ణక్రమం. పై ఉత్తరాల్లో ఉన్న చిక్కులన్నీ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ల బాకీలు. వాళ్లు తీర్చాల్సినవాటి కోసం మన పాటలకు పేర్లు మార్చడం నాకు ఇష్టం లేదు.

అయినా జాగ్రత్త మంచిదే. ముందు అంకె, ఆ వెనక 40 సంకేతాలు దాటని తెలుగు పేరు. ఇమేజ్‌లోనే ఒక టెక్స్ట్ ఫైలు పెట్టి, ఏ అంకె ఏ పాటో పూర్తి పేర్లతో యూటీఎఫ్-8లో రాసి ఉంచండి. ఆ ఒక్క ఫైలుకు మాత్రం ఇంగ్లిష్ పెద్దబడి అక్షరాల్లో, ఎనిమిది మించకుండా పేరు పెట్టండి.